పదమూడో మంచం ఓటు

పొద్దున్న కబడ్డీ, మధ్యాహ్నం భక్తి చానల్, సాయంత్రం మళ్లీ కబడ్డీ. మనిషి ఒక్కడే, టీవీ ఒక్కటే, మరి పూటకో మాట ఎలా మారుస్తాడు? ఆరు వారాల నుంచి హైమ జుట్టు పీక్కుంటున్నది ఇందుకే. జుట్టు పీక్కోవడం అంటే ఊరికే అనే మాట కాదు, నిజంగానే చెవి పక్క పాయ ఒకటి పల్చబడిపోయింది.

ఆ మనిషి పేరు సూరప్పడు. నలభై ఆరేళ్లు. విశాఖపట్నం పోర్టులో క్రేన్ నడిపేవాడు, ముప్ఫై టన్నుల పెట్టెని ఓడ మీంచి ఎత్తి లారీ మీద పూలబుట్ట దించినట్టు దించేవాడట. తర్వాత నరాల జబ్బు వచ్చింది. ముందు వేళ్లు, తర్వాత కాళ్లు, తర్వాత నాలుక, వీధి దీపాలు ఒక్కొక్కటే ఆర్పేసుకుంటూ పోయినట్టు పోయాయి. చివరికి రెప్పలు కూడా మాట వినడం మానేశాయి. ఇప్పుడతను ఆస్పత్రి మూడో అంతస్తులో, ఏళ్ల తరబడి ఉండిపోయేవాళ్ల వార్డులో, పదమూడో మంచం మీద గొంతులో గొట్టంతో పడుకుని ఉంటాడు. కళ్లు తెరిచే ఉంటాయి, ఎదురుగా ఉన్నదంతా కనిపిస్తుంది, చెవులకి అంతా వినిపిస్తుంది. లోపల బుర్ర నిక్షేపంలా ఉంది. బయటికి రావడానికే దారి లేదు.

ఆ దారి, ఆస్పత్రి ల్యాబులో యంత్రాలు చేసే హైమ వేసింది. అదే తలపట్టీ. క్రికెట్ ఆడేవాళ్లు చెమటకి కట్టుకునే పట్టీలాంటిదే, లోపల ముప్ఫై రెండు చిన్న బొడిపెలుంటాయి. ఎదురుగా తెర మీద బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తాయి. బజార్లో వంద మొహాల మధ్య మనవాళ్ల మొహం కనబడితే లోపల చిన్నగా ఉలిక్కిపడతాం చూడండి, అచ్చం అలాగే, కావాలనుకున్న బొమ్మ మెరవగానే మెదడులో ఒక ఉలికిపాటు పుడుతుంది. పట్టీ దాన్ని పట్టుకుంటుంది. అంతే. చెప్పడానికి ఇంతే గానీ చెయ్యడానికి నాలుగేళ్లు పట్టింది.

ఇంకో వారంలో నగరపాలక ఎన్నికలు. ఇన్నాళ్లూ ఇలాంటి రోగులకి ఓటుందంటే ఉంది, లేదంటే లేదు. ఇంట్లోవాళ్లెవరో సహాయకులుగా వెళ్లి వాళ్ల తరఫున మీట నొక్కేవారు. ఈసారి ఎన్నికల సంఘం ఈ ఒక్క ఆస్పత్రిలో, ప్రయోగంగా, తలపట్టీతో రోగే స్వయంగా ఓటు వెయ్యొచ్చని అనుమతిచ్చింది. పట్టీకి పూర్తిగా అలవాటు పడిన రోగి సూరప్పడొక్కడే. ఆ ఒక్కడూ చూస్తే పూటకో మాట!

బేస్‌మెంట్‌లో ఉన్న ల్యాబులో గ్రాఫులన్నీ గోడకి అతికించి, టీ చల్లారిపోతున్నా చూసుకోకుండా హైమ వాటి ముందు నిలబడింది. పై అధికారి డాక్టర్ జుబేదా, పట్టీలో ఏదో వైరు వదులైందేమో మళ్లీ విప్పమంది. హైమ అప్పటికి మూడుసార్లు విప్పింది. నాలుగోసారి విప్పబోతూ, గ్రాఫుల కింద టైము చూసింది. భక్తి చానలన్నవన్నీ రెండు నుంచి నాలుగు మధ్యే. రోజూ ఆ రెండు గంటలే.

ఆ టైములో గదిలో ఏం మారుతుంది? పైడితల్లి వస్తుంది!

మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పరిగెత్తింది. సూరప్పడి భార్య పైడితల్లి, ఎప్పట్లాగే మంచానికి ఎదురుగా, తెర కూడా కనబడేలా కాస్త ఓరగా కుర్చీ వేసుకుని ఎవరి చీరకో ఫాల్ కుడుతోంది. ఇంట్లో కుట్టుమిషను పని, ఇక్కడ చేతికుట్టు పని. హైమ వెనకాల నక్కి, తెర మీద బొమ్మలు తిప్పడం మొదలుపెట్టింది. సినిమా పాటలు, వార్తలు, కబడ్డీ, భక్తి. భక్తి బొమ్మ మెరిసినప్పుడు పైడితల్లి చేతిలో సూది ఆగింది. అర సెకను, అంతే. మళ్లీ నడిచింది. మళ్లీ బొమ్మలు తిరిగాయి, భక్తి దగ్గర మళ్లీ ఆగింది. ఆమెకే తెలియదు ఆగుతోందని. సూది ఆగిన వెంటనే పట్టీలో ఉలికిపాటు.

అక్కా, కాస్త బయటికెళ్లి టీ తాగి రండి, అని ఆమెని పంపేసి హైమ అవే బొమ్మలు తిప్పింది. కబడ్డీ. ఇంకోసారి. కబడ్డీ. ఇంకోసారి తిప్పినా కబడ్డీయే.

యంత్రం తప్పు కాదు. సూరప్పడి తప్పు కూడా కాదు. మూడేళ్లుగా అతనికి కనిపించే లోకమంతా ఆ కుర్చీ, ఆ సూది, ఆ మొహం. ఆమెకేది ఇష్టమో ఆమె కన్నా ముందే అతనికి తెలిసిపోతోంది, తెలియగానే అతని మనసు అటే మొగ్గుతోంది. దగ్గరివాళ్లు ఎదురుగా ఉంటే లోపలి మాట వాళ్ల వైపు ఒరిగిపోతుందన్నమాట. ఈ సంగతి ప్రపంచంలో ఇంకెవరూ గమనించలేదు! హైమ వార్డులోనే గెంతింది. నర్సు సుగుణ సిస్టర్ వచ్చి, ఇది ఆస్పత్రా, స్కూల్ గ్రౌండా అని కోప్పడింది. పైడితల్లి టీ తాగి రాగానే హైమ ఆమెకి సూది సంగతంతా గడగడా చెప్పేసింది. ఆమె కూడా నవ్వుతుందనుకుంది. పైడితల్లి నవ్వలేదు. చీర మడత పెట్టుకుని, ఆ రోజు మూడింటికే వెళ్లిపోయింది.

డాక్టర్ జుబేదా విని ఒకే మాట అంది. అయితే ఓటు వేసేటప్పుడు భార్య గదిలో ఉండకూడదు, ఆ మేరకు ఆమె సంతకం కావాలి. మర్నాడు హైమ కాగితం పట్టుకెళితే పైడితల్లి చదివి, మడిచి, తిరిగిచ్చేసింది. ఆయన్ని ఒంటరిగా ఏదీ అడగడానికి వీల్లేదంది. మంచంమీద పడ్డ మనిషికి ఓటెందుకు, ఎప్పట్లా నేనే వేస్తానంది. మూడు రోజులు బతిమాలినా అదే మాట. సంతకం లేకపోతే ప్రయోగం లేదు. మళ్లీ ఐదేళ్ల దాకా నగరపాలక ఎన్నికా లేదు, సూరప్పడికి అంత టైముందో లేదో ఎవరూ చెప్పలేరు.

శుక్రవారం హైమ ఆటో ఎక్కి కంచరపాలెం వెళ్లింది. సన్న సందు, రెండు గదుల ఇల్లు, గుమ్మం దగ్గర కుట్టుమిషను, దాని మీద ఎవరిదో పెళ్లి జాకెట్టు. వీధి చివర ప్రచారం ఆటో మైకు ఒకటే మోత. గొడుగు గుర్తుకే మీ ఓటు. పైడితల్లి ఆమెని చూసి ఆశ్చర్యపోలేదు, పీట వేసింది, మజ్జిగిచ్చింది, తన పని తాను చేసుకుంటూ కబుర్లు మొదలుపెట్టింది. ఆయనది నిచ్చెన గుర్తు, తనది గొడుగు. ఇరవై రెండేళ్లూ అంతే. ఎన్నికల రోజు ఒకే బండి మీద వెళ్లి, ఒకరి ఓటుని ఒకరు కొట్టేసుకుని, వచ్చేటప్పుడు బజ్జీలు తినొచ్చేవాళ్లు. పోయినసారి అసెంబ్లీ ఎన్నికల్లో ఆయన తరఫున తనే వెయ్యాల్సి వచ్చింది.

"ఆ పెట్టి ముందు నిలబడి శానాసేపు ఆలోసించాను. ఆఖరికి ఆయన ఓటు ఆయనదే గదాని నిచ్చెన నొక్కీసాను. నా సేత్తో నేనే. ఇంటికొచ్చి సెయ్యి కడుక్కున్నాను."

హైమకి నవ్వాగలేదు. ఇంత నిజాయితీ ఉన్న మనిషి ఎందుకు అడ్డుపడుతోందో అస్సలు అంతుపట్టలేదు. అదే అడిగేసింది. ఆయన ఓటు ఆయనదే అని మీరే అంటున్నారు, మరి బయట కూర్చోవడానికి ఏమిటక్కా కష్టం?

మిషను ఆగింది. పైడితల్లి జాకెట్టు మీంచి దారప్పోగులు ఏరుతూ, తలెత్తకుండా చెప్పింది. రెండేళ్ల కిందట సూరప్పడికి ఊపిరాడని రోజున డాక్టర్లు, గొంతుకి కన్నం చేసి గొట్టం పెడితే బతుకుతాడు, వద్దంటే సాయంత్రానికి పోతాడు అన్నారు. అప్పటికి రెప్పలు కదిలేవి. ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. ఆమె అతని ఎదుట నిలబడి అడిగింది. అతను ఒకసారి మూశాడు. ఆమె సంతకం పెట్టింది.

"ఆయనే ఒప్పుకున్నాడని రెండేళ్లు నిమ్మళంగా ఉన్నాను. నువ్వొచ్చి ఆ సూది మాట సెప్పీసావు. ఆ వేళ నేను ఆయన ఎదురుగానే నిలబడ్డాను గదమ్మా. నా మొగం ఎలాగుందో నాకు తెల్దా? ఆయన ఒప్పుకున్నాడో, నా మొగం సూసి కన్ను మూసినాడో. మీ పట్టీ రాకముందు నాకా అనుమానమే నేదు."

హైమ మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది. వార్డులో గెంతిన గెంతు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. తను కనిపెట్టింది ఒక గ్రాఫనుకుంది, అది ఈ మనిషి నిలబడ్డ నేలని కాళ్ల కింద నుంచి లాగేసింది. ఒంటరిగా వదిలితే ఆయన ఎక్కడ ఆ గొట్టం మాట ఎత్తుతాడో, ఎక్కడ కాదంటాడో అని ఈమె భయం. ఓటు భయం కాదు.

హైమ పీట ముందుకి జరుపుకుంది. ఓటు తప్ప ఇంకే ప్రశ్నా అడగను, మీరడగమంటే తప్ప, అంది. ఒట్టు వెయ్యమంటే వేస్తానంది. పైడితల్లి కాసేపు ఆమె మొహంలోకి చూసింది. వీధిలో ఈసారి నిచ్చెన ఆటో వచ్చింది. పైడితల్లి దాన్ని చూసి మూతి తిప్పి, పెన్నిమ్మని చెయ్యి చాపింది.

ఆదివారం పదిన్నరకి పోలింగ్ అధికారి ఉమామహేశ్వరం గారు వార్డులోకి అట్టపెట్టెలతో, మీటల యంత్రంతో, సిరా సీసాతో దిగారు. రెవెన్యూ ఆఫీసు మనిషి, ముప్ఫై ఏళ్లలో ఎన్నో ఊళ్లలో ఎన్నికలు చేశారు గానీ పడుకున్న మనిషి చుట్టూ బూత్ కట్టడం ఆయనకి ఇదే మొదలు. అట్టల తెర మంచం మీద నిలబెడితే పడిపోతుంది, సూరప్పడి ఛాతీ మీద పెట్టడానికి మనసొప్పదు. చివరికి భోజనాల బల్లని మంచానికి అడ్డంగా తోసి, దాని మీద హైమ తెర పెట్టింది, తెర చుట్టూ అట్టల్ని సుగుణ సిస్టర్ గాయాలకి అంటించే ప్లాస్టరుతో నిలబెట్టింది. ఇప్పుడా తెర సూరప్పడికి తప్ప ఎవరికీ కనిపించదు. గుర్తులు ఏ వరసలో మెరుస్తాయో హైమకి కూడా తెలియదు. పట్టీ పట్టుకున్నది పట్టుకున్నట్టు వైరులోంచి ఓటు యంత్రంలోకి పోతుంది, ఎక్కడా దాచుకోదు.

ఉమామహేశ్వరం గారు ఓటరు పేరు గట్టిగా చదివారు. తర్వాత పైడితల్లి వైపు తిరిగి, బయట కూర్చోండమ్మా అన్నారు. ఆమె లేచి, దుప్పటి సర్ది, వరండాలోకి వెళ్లింది. తలుపు మూసుకుంది.

హైమ బటన్ నొక్కింది. గుర్తులు తిరుగుతున్నాయి, ఆమెకి అట్టల వెనక నుంచి సూరప్పడి బుగ్గల మీద పడే రంగుల వెలుగు ఒక్కటే కనిపిస్తోంది. పచ్చ, తెలుపు, ఎరుపు, మళ్లీ పచ్చ. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఇంత ఆలస్యం ఎప్పుడూ కాలేదు, పట్టీ జారిందా, నిద్రపోయాడా, అసలు నాలుగేళ్లూ వృథాయేనా... అప్పుడు ఓటు యంత్రం కూత పెట్టింది. పొడుగ్గా, స్పష్టంగా, ఊళ్లో ప్రతి బూత్‌లోనూ ప్రతి ఓటుకీ వచ్చే అదే కూత. సుగుణ సిస్టర్ కళ్లు తుడుచుకుంది. ఉమామహేశ్వరం గారు పుస్తకంలో టిక్కు పెట్టి, పది యాభై రెండు అని రాసుకుని, సిరా సీసా మూత తీశారు.

ఎడమ చూపుడు వేలుకి ఆక్సిజన్ చూసే క్లిప్పు ఉంది. సిస్టర్ దాన్ని తీసింది. ఉమామహేశ్వరం గారు ఏ పెళ్లికొడుక్కో బుగ్గచుక్క పెట్టినట్టు శ్రద్ధగా గోరు మీదా చర్మం మీదా దట్టంగా సిరా గీత గీశారు. సిస్టర్ ఆరేదాకా ఊది, అలవాటు కొద్దీ క్లిప్పు మళ్లీ ఆ వేలికే తగిలించింది.

మానిటర్ మీద తొంభై ఏడు ఉండాల్సింది ఎనభై రెండు అయింది. డెబ్భై నాలుగు. అరవై ఎనిమిది. అలారం వార్డంతా మోగిపోయింది.

తలుపు తోసుకుని పైడితల్లి వచ్చింది. ఎవరినీ చూడలేదు, అట్టల్నీ బల్లనీ పక్కకి నెట్టేసి భర్త మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. డాక్టర్ జుబేదా పరిగెత్తుకొచ్చింది. సిస్టర్ గొట్టం చూసింది, గొట్టం బాగానే ఉంది, ఊపిరితిత్తుల్లోకి గాలి బాగానే పోతోంది, అయినా అంకె పడిపోతూనే ఉంది. ఉమామహేశ్వరం గారు గోడకి ఆనుకుని, చేతిలో సిరా బ్రష్షుతో, రంగు పోయిన మొహంతో నిలబడిపోయారు. జీవితంలో మొదటిసారి మంచం పక్కకి బూత్ తెచ్చారు, ఓటరు చనిపోతున్నాడు.

జుబేదా సూరప్పడి పెదాలు చూసింది. గులాబీరంగులోనే ఉన్నాయి. చెయ్యెత్తి వేలు చూసింది. క్లిప్పు ఊడదీసి పక్క వేలికి పెట్టింది. తొంభై ఏడు.

"సిరా," అంది. "ఆ క్లిప్పు గోట్లోంచి వెలుగు పంపించి చూస్తుంది. మీరు గోరుకి తారు పూసేశారు సార్."

అలారం ఆగింది. ముందు ఎవరు నవ్వారో తెలియదు, బహుశా సుగుణ సిస్టరే, తర్వాత అందరూ నవ్వారు, ఉమామహేశ్వరం గారైతే స్టూలు మీద కూలబడి, కళ్లజోడు తీసి మరీ నవ్వారు. పైడితల్లి ఒక్కతే నవ్వలేదు. భర్త మొహం వదిలి, వేళ్లతో అతని నుదుటి మీద పట్టీని సరిచేసింది. హైమని పక్కకి పిలిచింది.

"ఇప్పుడీయన పోయుంటే నాకు ఎప్పటికీ తెలిసీది కాదు," అంది మెల్లగా. "అడుగమ్మా. నేను బైటుంటాను."

ఆమె వెళ్లింది. పోలింగ్ వాళ్లు సామాను సర్దుకుని కిందికి దిగారు. హైమ బల్లని మళ్లీ మంచానికి అడ్డంగా తోసి, తెర మీద మూడు కార్డులు తయారుచేసింది. అవును. కాదు. చెప్పను. మూడోది కావాలని పెట్టింది, ఓటుకి ఉన్న రహస్యం దీనికీ ఉండాలి కదా. ఒక్క నిమిషం ఆలోచించి, కుర్చీని వెనక్కి తిప్పి, సూరప్పడికి తన మొహం కనబడకుండా గోడ వైపు తిరిగి కూర్చుంది. తన మొహంలో కూడా ఒక సూది ఆగుతుంది, ఆమెకి తెలుసు. గొంతు వీలైనంత చప్పగా పెట్టి అడిగింది.

"సూరప్పడు గారూ, రెండేళ్ల కిందట గొట్టం పెట్టించుకోవడం మీకు ఇష్టమయ్యే ఒప్పుకున్నారా?"

ఒడిలో, పట్టీ ఏ కార్డుని పట్టుకుందో చూపించే చిన్న మీటర్ ఉంది. కార్డులు తిరిగాయి. కాదు. పద్ధతి ప్రకారం ఇంకో రెండుసార్లు తిప్పింది. కాదు. కాదు.

హైమకి గోడ మసకబారింది. ఇక్కడితో లేచిపోవాలనిపించింది. కానీ అడగాల్సింది ఇంకా ఒకటుంది, అది అడక్కపోతే మొదటిది అడగడమే పాపం.

"ఇప్పుడో? ఈ గొట్టం ఉండాలా?"

మీటర్ ముల్లు అడ్డంగా కొట్టుకుంది. అవును. ఆరు వారాల్లో కబడ్డీకి కూడా ఇంత ఉలికిపాటు రాలేదు. రెండోసారి. అవును. మూడోసారి ఆ కార్డు పూర్తిగా వెలగకముందే.

మీ ఆవిడకి చెప్పనా అని అడిగింది. రెండూ చెప్పనా, రెండోది ఒక్కటే చెప్పనా అని విడివిడిగా కూడా అడిగింది, ఎందుకంటే రెండోది ఒక్కటే చెప్పేస్తే ఎంత బాగుంటుందో అని తనకే ఆశగా ఉంది. సూరప్పడు రెండూ చెప్పమన్నాడు.

వరండాలో పైడితల్లి బల్ల అంచున, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుని ఉంది. హైమ పక్కన కూర్చుని, జరిగింది జరిగినట్టు, ముందు మొదటిది చెప్పింది. పైడితల్లి తల ఊపింది, అనుకున్నదే అన్నట్టు. చీర కొంగు వేలికి చుట్టుకుంది. తర్వాత హైమ రెండోది చెప్పింది. మూడుసార్లు అడిగానక్కా, మూడుసార్లూ అవునన్నారు, నేను గోడ వైపు తిరిగి అడిగాను, అని.

పైడితల్లి వేలికి చుట్టిన కొంగు మెల్లగా విప్పింది. కింద రోడ్డు మీద ఓటేసి వస్తున్న జనం మాటలు వినిపిస్తున్నాయి.

"పెళ్లిసూపులకొచ్చి కూడా ఈ పిల్ల నాకొద్దన్నాడు," అంది చివరికి. "మా నాన్న ఇంకో సంబంధం సూసేసాడు. మూణ్ణెల్లు పోయాక ఈయనే సైకిలేసుకుని మా ఈదిలో తిరగడం మొదలెట్టాడు. ముందొద్దంటాడు, తర్వాత ఒదలడు. అంతేనమ్మా ఆయన."

నవ్వింది. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఎవరికి ఓటేశాడో మరి, అంది. నాకూ తెలియదక్కా, ఎవరికీ తెలియదు అంది హైమ. మంచిదేలే, అంది పైడితల్లి. లోపలికి వెళదామని హైమ లేచింది. పైడితల్లి లేవలేదు. వెళ్తాను, ఒక్క క్షణం ఉండమ్మా, అని బల్ల మీద వెనక్కి జరిగి, గోడకి వీపు ఆనించి, తల వాల్చింది. ఆ ఒక్క క్షణంలోనే నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. చేతి సంచి జారి ఫాల్ గుడ్డ నేల మీద పడింది, హైమ తీసి ఒళ్లో పెట్టినా కదల్లేదు.

గదిలోకి వచ్చేసరికి సూరప్పడి కళ్లు ఎదుటి ఖాళీ కుర్చీ మీద ఉన్నాయి. హైమ, మీరు చెప్పినట్టే రెండూ చెప్పాను అంది. అక్క నవ్వింది, ఏడ్చింది, ఇప్పుడు వరండాలో గోడకి ఆనుకుని ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది అంది. తర్వాత గోడ వైపు తిరగడం కూడా మర్చిపోయి, లేపి తీసుకురమ్మంటారా అని అడిగింది.

కార్డులు తిరిగాయి. మీటర్ ముల్లు మెల్లగా లేచి, స్థిరంగా, కాదు దగ్గర ఆగింది.